పైవాణ్ణి హుక్కు మీంచి దింపారు

ఆ పంపుల షెడ్డులో ఎవరు ఏ బరువు లేపాలన్నా ముందు పైకి చూడాల్సిందే. భక్తి కాదు, అవసరం. క్రేను ఆపరేటరు కూర్చునే డబ్బా నేలకి ముప్ఫై అడుగుల ఎత్తున, కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. అందులో కూర్చునే మనిషిని పద్ధెనిమిదేళ్ళుగా అందరూ పైవాడనే పిలుస్తున్నారు. "ఇవాళ మోటారు లేస్తుందా?" అని ఎవరైనా అడిగితే "పైవాడి దయ" అంటారు. ఆయన గట్టిగా తుమ్మితే కింద వెల్డర్లు "పైవాడు కరుణించాడ్రోయ్" అని మొహాలు తుడుచుకునేవారు.

పైవాడు ఐదో తరగతి దాకా చదివాడు. ఆరో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపల లెక్కల మేష్టారు కనబడేసరికి అటునించి అటే ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఇంగ్లీషంతా షెడ్డు గోడలే నేర్పాయి. స్టాప్, డేంజర్, నో స్మోకింగ్, ఆన్, ఆఫ్. ఇక అన్నిటికన్నా పెద్ద మాట హుక్. షిఫ్టు బోర్డు మీద క్రేను పని గడికి ఆ పేరే రాసేవారు. "ఇవాళ హుక్కు మీద ఎవరు?" అంటే క్రేను నడిపేదెవరని. పెళ్ళిచూపులప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని మామగారు అడిగితే "హుక్కు మీద ఉంటానండీ" అన్నాడు పైవాడు. పాపం ఆయన ఇదేదో సర్కసు కంపెనీ అనుకుని పిల్లనివ్వడానికి వారం ఆలోచించాడు.

అలాంటి పైవాడికి సోమవారం నాడు గ్రహచారం అడ్డం తిరిగింది.

దున్నపోతంత పంపు బాడీని ట్రాలీ మీదికి దించుతున్నాడు. కింద బెల్టులు కట్టి, చేతి సైగలతో దారి చూపేది సొంత బావమరిదే, భార్యకి తమ్ముడు. ఇంకా జానెడు ఎత్తుందనగా వాడు పిడికిలి బిగించి ఆగమన్నాడు. ఈయన ఆపాడు. బరువు ఆగలేదు. జర్రున జారి ట్రాలీ మీద కూలబడింది. అంచున బొటనవేలంత ముక్క ఎగిరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, బావమరిది కాలు అక్కణ్ణించి మూరెడు దూరంలో ఉంది.

"బటన్ మీంచి వేలు తీసుండడు. మనసెక్కడో పెట్టుంటాడు" అన్నాడు ఫోర్‌మన్.

తీశానని పైవాడు అన్నాడు. అన్నాడే గానీ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. ఎందుకంటే అంతకు రెండు నిమిషాల ముందే, ఖాళీ హుక్కుని మెల్లిగా దించి బావమరిది హెల్మెట్ మీద టక్కుమనిపించాడు. అది వాళ్ళకి రోజూ ఉండే వేళాకోళమే. వాడు ఉలిక్కిపడి తిట్టడం, ఈయన పైన పొట్ట పట్టుకు నవ్వడం. ఆ నవ్వులో నిజంగానే వేలు బటన్ మీద ఉండిపోయిందా? మూరెడు తేడాలో పెళ్ళాం తమ్ముడి కాలు పోయేదే కదా. ఈ ఆలోచనతో మూడు రాత్రులు కంటి మీద కునుకు పడలేదు.

హెడ్డాఫీసు నించి సేఫ్టీ ఆఫీసరు మేడం దిగింది. ఆవిడకి తెలుగులో వచ్చినవి రెండే మాటలు, "కూర్చోండి", "టీ". మిగతాదంతా ఇంగ్లీషు. అదైనా ఆగి ఆగి మాట్లాడుతుందా అంటే, కుళాయి తిప్పి మరిచిపోయినట్టు ధారగా పోతుంది. మూడు రోజులు టైపిస్టమ్మాయి పక్కన కూర్చుని అటుది ఇటు, ఇటుది అటు చెప్పింది. నాలుగో రోజు సాయంత్రం ఆఖరి మాట చెప్పడానికి మేడం పైవాణ్ణి పిలిచేసరికి ఆ అమ్మాయి పక్కగదిలో, కాగితం మింగేసిన ప్రింటరుతో కుస్తీ పడుతోంది.

"కూర్చోండి" అంది మేడం. టీ ఇప్పించింది. తర్వాత కుళాయి తిప్పింది.

పైవాడు వలేసుకుని కూర్చున్నాడు. ఆ ప్రవాహంలో రెండు మాటలు పడ్డాయి. ఓల్డ్ అంది. రీప్లేస్ అంది. రెండూ ఆయనకి బాగా తెలిసినవే. స్టోర్సులో అరిగిపోయిన బేరింగు మీద ఆ ముక్కలే రాసి మూలన పడేస్తారు. ఇక్కడ ఓల్డ్ ఎవరో అడగక్కర్లేదు. ఎదురుగా గోడ అద్దంలో బట్టతలతో సహా కనబడుతున్నాడు.

చివర్లో మేడం ఫైలు మూసి, లేచి, చెయ్యి చాపి, నిండుగా నవ్వి అంది: "సో, యూ ఆర్ ఆఫ్ ద హుక్."

ఇది మాత్రం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. ఆఫ్. హుక్. హుక్కు మీంచి తీసేశారు. నవ్వుతూ గొంతు కోయడమంటే ఏమిటో పైవాడికి ఆ రోజు తెలిసింది. అయినా అలవాటు కొద్దీ "థాంక్యూ మేడం" అని చెయ్యి కలిపి బయటపడ్డాడు.

గుమ్మం దగ్గరే బావమరిది కాపు కాసి ఉన్నాడు.

"ఏమంది బావా?"

"యూ ఆర్ ఆఫ్ ద హుక్ అంది."

బావమరిది ఎనిమిదో తరగతి. ఇంటి మొత్తానికి ఇంగ్లీషు పండితుడు. మామూలుగా అయితే దేనికైనా ముందు ఎకసెక్కం ఆడి ఆ తర్వాత అర్థం చెప్పే రకం. ఇవాళ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆఫ్ అంటే స్విచ్చు మీద ఉండే ఆఫేనా?" అన్నాడు.

"ఇంకెన్ని ఆఫులున్నాయిరా?"

"సెలవు కూడా ఆఫే. వీక్లీ ఆఫ్ అంటారుగా. ఎన్ని రోజులు ఆఫో చెప్పిందా?"

"చెప్పలేదు."

"రోజులు చెప్పకపోతే ఇక శాశ్వతంగా ఆఫే బావా" అని వాడు తల దించుకున్నాడు. "నీ బదులు నన్ను తీసేసినా బాగుండేది" అని గొణిగాడు.

"నిన్నెందుకు తీస్తార్రా, ఓల్డ్ నేనైతే."

క్రేను నిచ్చెన దగ్గరికొచ్చేసరికి మెయిన్ స్విచ్చుకి ఎర్ర అట్ట వేలాడుతోంది. దాని మీద తెల్లగా, లావుగా ఓ, ఎఫ్, ఎఫ్. ఇంత త్వరగా బోర్డు కూడా తగిలించేశారా అనుకుని పైవాడు ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు. నిచ్చెన ఎక్కి తన సామాను సర్దుకున్నాడు. కూర్చునే దిండు, తువ్వాలు, చిన్న దువ్వెన. దువ్వెనతో పనిపోయి పదేళ్ళయింది గానీ పారేయడానికి మనసొప్పలేదు. దిగేముందు ఒక్కసారి కిందికి చూశాడు. షెడ్డులో ఎవరి నడినెత్తి ఎంత పలచబడిందో ఆయనకి తెలిసినంత వాళ్ళ భార్యలకి కూడా తెలియదు. ఇక రేపణ్ణించి అందరితో పాటు మొహాలు చూస్తూ బతకాలి.

ఇంట్లో ఆయన భార్య చంకలో దిండుని చూసి, "దీన్నెందుకు మోసుకొచ్చారు? ఉతకాలా?" అంది.

"హుక్కు మీంచి తీసేశారే."

ఆవిడ తొణకలేదు. "పోయినేడు కాలు విరిగిందని చీపురుపుల్లలతో కట్టు కట్టుకొచ్చారు. అంతకుముందేడు లాటరీ తగిలిందన్నారు. ఈ ఏడు నాటకం ఇదా? చేతులు కడుక్కురండి, వడ్డిస్తాను."

పైవాడు చేతులు కడుక్కున్నాడు గానీ కంచం ముందు కూర్చోలేదు. గోడకి ఆనుకుని నేల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఎలాంటి నాటకమైనా ఆడగలడు గానీ అన్నం మానేసే నాటకం పెళ్ళైనప్పటి నించి ఎప్పుడూ ఆడలేదు. ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పాడు.

"టీ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"నవ్విందా?"

"పళ్ళన్నీ కనబడేలా."

"పీకేసే మనిషి టీ ఇచ్చి నవ్వుతుందా ఎక్కడైనా? నాకేదో తేడాగా ఉంది. పొద్దున్నే వెళ్ళి అడగండి."

"ఏ భాషలో అడగనే?"

ఆవిడ ఆలోచించింది. చదువు ఆవిడకీ అంతంత మాత్రమే గానీ బుర్ర పాదరసం. "ఆఫ్‌కి ఎదురు మాట ఆనే కదా. ఆవిడ ఆఫ్ అంది, మీరు ఆన్ చెయ్యమనండి. మధ్యలో ప్లీజ్ పెట్టండి. ఎన్నేళ్ళ నించి చేస్తున్నారో చెప్పండి. కళ్ళనీళ్ళు మాత్రం పెట్టుకోకండి, మీకు ఏడవడం సరిగ్గా రాదు, నవ్వినట్టే ఉంటుంది."

ఇద్దరూ కలిసి ఒక వాక్యం కూర్చారు. తెల్లారి బట్టలేసుకుంటూ, చెప్పులేసుకుంటూ, దారి పొడుగునా పైవాడు దాన్నే వల్లె వేశాడు.

మేడం అప్పుడే వచ్చి సంచీ బల్ల మీద పెడుతోంది. పైవాడు లోపలికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి, తడుముకోకుండా ఒప్పజెప్పాడు: "మేడం, ప్లీజ్ పుట్ మీ ఆన్ ద హుక్."

మేడం చెయ్యి సంచీ మీదే ఆగిపోయింది. "వాట్?"

వినబడలేదేమోనని ఈసారి గట్టిగా అన్నాడు. "మీ, ఆన్ ద హుక్. ప్లీజ్. ఎయిటీన్ ఇయర్స్, మీ ఓన్లీ ఆన్ ద హుక్."

మేడం మొహంలో రంగు మారింది. వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కూర్చుంది. పెన్ను క్యాప్ తీసి తెల్ల కాగితం ముందుకు లాక్కుంది. పైవాడికి ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ వేసుకునే కాగితమే అయి ఉంటుంది.

"ఎయిటీన్ ఇయర్స్?" అంది మేడం మెల్లిగా.

"ఎవ్రీ డే మేడం. సండే ఓన్లీ ఆఫ్."

మేడం రాసుకుంది. "యువర్ బ్రదర్ ఇన్ లా ఆల్సో?"

బావమరిది గురించి కూడా అడుగుతోంది, ఎంత మంచి మనిషి. వాణ్ణి కూడా కాపాడినట్టవుతుందని పైవాడు ఉత్సాహంగా "యెస్ మేడం. హీ టై, మీ లిఫ్ట్. బోత్ టుగెదర్" అని రెండు చూపుడువేళ్ళు దగ్గర పెట్టి చూపించాడు.

మేడం తల అడ్డంగా ఆడిస్తూ అదీ రాసుకుంది. కాగితం ఇటు తిప్పి, కింద గీత గీసి, పెన్ను చేతికిచ్చింది. "సైన్."

పైవాడు కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసి సంతకానికి వంగాడు. సంతకంలో మొదటి సున్నా చుట్టేశాడు కూడా. అప్పుడు తలుపు తోసుకుని టైపిస్టమ్మాయి వచ్చింది, చేతిలో ప్రింటరు కక్కిన రిపోర్టుతో.

"బాబాయ్, పొద్దున్నే దేనికి సంతకం పెడుతున్నారు?" అంటూ కాగితం మీదికి వంగి చదివింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "ఆగండి ఆగండి. పెన్ను కింద పెట్టండి ముందు. ఏం చెప్పారు మీరు ఈవిడకి?"

"హుక్కు మీద పెట్టుకోమన్నానమ్మా. నిన్న తీసేసిందిగా."

"ఎవరు తీసేశారు?"

"ఈ మేడమే. యూ ఆర్ ఆఫ్ ద హుక్ అంది."

టైపిస్టమ్మాయి ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత బల్ల పట్టుకుని కిందికి జారి కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. చెప్పబోతుంది, మళ్ళీ నవ్వొస్తుంది. మేడం పెన్ను పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి ఆ పిల్ల కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముందు మేడంకి ఇంగ్లీషులో చెప్పింది. మేడం రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"బాబాయ్, ఇది మన హుక్కు కాదు" అంది టైపిస్టమ్మాయి. "చేపల గాలం ఉంటుందే, ఆ కొక్కెం. చేప దానికి తగులుకుంటుంది. మళ్ళీ విడిపించి నీళ్ళలో వదిలేశామనుకోండి, అది ఆఫ్ ద హుక్. అలాగే తప్పు మనిషి మీద పడబోయి తప్పిపోతే అంటారు ఆ మాట. మీ తప్పేం లేదు, మీరు బయటపడ్డారు అంది మేడం."

"మరి ఓల్డ్ ఎవరు?"

"బ్రేకు లోపలి లైనింగు. అరిగిపోయిందట. రీప్లేస్ చెయ్యాలంది. అందుకే స్విచ్చుకి అట్ట కట్టారు. మీరు బటన్ వదిలాకే జారింది బరువు. వైర్లు, మోటారు అన్నీ చూశారు. ఇదిగో, రిపోర్టులో ఉంది."

పైవాడు కుర్చీలో కూలబడ్డాడు. "అంటే వేలు తీశాను."

"తీశారు బాబాయ్."

"తీశానన్నమాట" అని మళ్ళీ అన్నాడు. తన కుడిచేతి చూపుడువేలిని, ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. నాలుగు రోజులుగా గుండెల మీద కూర్చున్న దున్నపోతు లేచి మెల్లిగా నడిచి వెళ్ళిపోయింది. "మరి ఇందాక నేను చెప్పిందేంటి?"

"పద్ధెనిమిదేళ్ళుగా ఇక్కడ జరిగిన ప్రతి తప్పూ నాదే, ఆదివారాలు మాత్రం సెలవు, మా బావమరిది తాళ్ళు కడతాడు, నేను సరుకు లేపుకుపోతాను, ఇద్దరం కలిసే చేశాం అని."

మేడం ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "టీ" అంది తెలుగులో.

టీ తాగుతూ పైవాడు ఆ మాటని పది సార్లు అనిపించుకుని, పది సార్లు తిరిగి అన్నాడు. బయటికొస్తూ ఆనందం పట్టలేక షెడ్డు మొదట్లో నిలబడి గొంతెత్తి "ఆఫ్ ద హుక్కోయ్" అని అరిచాడు.

షెడ్డులో ఎవరైనా అలా అరిస్తే ఒకటే అర్థం. కట్టిన బరువు ఊడి మీద పడుతోందని. వెల్డర్లు టార్చీలు వదిలేసి గోడలకి అంటుకుపోయారు. ఒకడు డ్రమ్ము వెనకాల దూరాడు. ఫోర్‌మన్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగి, కాసేపయ్యాక ఒక కన్ను తెరిచి పైకి చూశాడు. పైన క్రేను కదలకుండా, హుక్కు ఖాళీగా ఉంది.

"ఏం మనిషివయ్యా నువ్వు. నీ ఇంగ్లీషు తగలెయ్య, అదేదో గేటు బయట మాట్లాడు" అన్నాడు ఫోర్‌మన్ హెల్మెట్ సర్దుకుంటూ.

గేటు బయట వాచ్‌మన్ దొరికాడు. "యూ ఆర్ ఆఫ్ ద హుక్" అన్నాడు పైవాడు.

"నేనేం చేశాను?" అన్నాడు వాచ్‌మన్ కంగారుగా.

"ఏం చెయ్యలేదు."

వెనకాలే పోస్టు పంపడానికి వచ్చిన టైపిస్టమ్మాయి నుదురు కొట్టుకుంది. "కనబడ్డ ప్రతివాడితో అనకూడదు బాబాయ్. తప్పు తనదేనేమోనని భయపడుతున్నవాడికి అనాలి. లేకపోతే తన మీద పడబోయిన బరువు తప్పినవాడికి. ఊరికే మంచివాళ్ళతో అంటే వాళ్ళకి అనుమానం వస్తుంది."

"చాలా మెలిక ఉందమ్మా దీనికి" అని పైవాడు ఒప్పుకున్నాడు.

బావమరిది ఎక్కడా కనబడలేదు. వెతగ్గా వెతగ్గా షెడ్డు వెనక, ఆఫీసు వైపు నడుస్తూ కనిపించాడు. తల దువ్వుకున్నాడు, చొక్కా లోపలికి దోపుకున్నాడు. ఉరికి వెళ్ళేవాడిలా ఉన్నాడు.

"ఎక్కడికిరా?"

"మేడం దగ్గరికి. నన్ను ఆపకు బావా." వాడు కళ్ళు కలపలేదు. "ఆ రోజు నువ్వు హెల్మెట్ మీద టక్కుమనిపించావా, నేను నిన్ను తిడుతూ బెల్టు రెండోసారి లాగి చూళ్ళేదు. రోజూ రెండుసార్లు చూస్తాను. ఆ రోజు ఒక్కసారే. జారింది నా బెల్టే. భయమేసి నోరు విప్పలేదు. నిన్న నువ్వు చంకలో దిండు పెట్టుకుని నిచ్చెన దిగుతుంటే రాత్రంతా అదే కళ్ళ ముందు. అక్కకి మొహం ఎలా చూపించను? వెళ్ళి చెప్పేస్తా."

పైవాడు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగు రోజులుగా తన కడుపులో తిరిగిన పురుగే వీడి కడుపులోనూ తిరిగిందన్నమాట. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ఎవడి పురుగుని వాడే పెంచుకున్నారు. ఏం చెప్పాలో వెతుక్కోలేదు. మాట దానంతట అదే వచ్చింది.

"ఒరే, యూ ఆర్ ఆఫ్ ద హుక్" అన్నాడు మెల్లిగా.

బావమరిది తలెత్తాడు. తర్వాత విచిత్రంగా వాడి మొహం తేటపడింది. "నన్ను కూడా తీసేశారా? పోనీలే బావా. అదే న్యాయం. ఇద్దరం ఎక్కడో ఓ చోట..."

"తీసేయడం కాదురా పండితుడా. అది చేపల గాలం." పైవాడు గాలం దగ్గర మొదలుపెట్టి, లైనింగు మీదుగా, చింపేసిన కాగితం దాకా మొత్తం చెప్పాడు. బెల్టు చెక్కు చెదరలేదనీ, అది కూడా రిపోర్టులో ఉందనీ చెప్పాడు. ఇది ఆయనకి తెలియదు. కానీ బరువు బెల్టులతో సహా నిటారుగా దిగడం తన కళ్ళతో పై నించి చూశాడు కాబట్టి అబద్ధమేం కాదు.

బావమరిది అక్కడే ఇటికల మీద కూర్చుని, చొక్కా బయటికి లాక్కుని దాంతోనే మొహం తుడుచుకున్నాడు. "ఈ ముక్క తెలుగులో చెప్పి చావొచ్చుగా ఆవిడ."

"ఆవిడకి తెలుగులో టీయే వచ్చు. అది ఇచ్చిందిగా."

అంతలో ఫోను మోగింది. పైవాడి భార్య. ఈయన జేబులోంచి తీసేలోపే బావమరిది లాక్కున్నాడు. పోయిన ప్రాణంతో పాటు వాడి వెటకారం కూడా వెనక్కి వచ్చేసింది.

"అక్కా, బావా నేనూ ఇద్దరం ఆఫ్ ద హుక్కే."

అవతల ఏడుపు లంకించుకోవడం ఇటుపక్కకి కూడా వినబడింది. పైవాడు వాడి నెత్తిన ఒక్కటిచ్చి ఫోను తీసుకున్నాడు.

"ఏడవకే. ఆఫే మంచిదట."

"ఆన్ చెయ్యమని అడగలేదా మీరు?"

"అడిగాను. చేసేసింది కూడా. కొంచెమైతే జైలుకెళ్ళేవాళ్ళం." గాలం కథ మళ్ళీ మొదట్నించి చెప్పాడు. ఈసారి తడబడలేదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వి చెప్పాడు.

అవతల ముక్కు చీదుకున్న శబ్దం, ఆ తర్వాత గిన్నె మూత తీసిన శబ్దం వినబడ్డాయి.

"ఏం చేస్తున్నావే?"

"ఉండండి, మళ్ళీ మాట్లాడతాను. రాత్రి నించి నేనూ ఏమీ తినలేదు" అంది ఆవిడ, నోట్లో ముద్దతోనే.